ఎర్ర బండికి నేను కొట్టిన గాలి

ఏ బండి మంచిదని దయచేసి నన్ను అడగకండి. పెళ్లిలో భోజనానికి కూర్చుంటే పక్క విస్తరి ముందున్న మనిషి అడుగుతాడు. దవాఖానాలో నా వంతు కోసం కూర్చుంటే కాంపౌండర్ అడుగుతాడు. ఒకరి దినానికి పోయి, చనిపోయినాయన ఫొటోకు దండ వేసి ఇవతలికి రాగానే ఆయన కొడుకే పక్కకు పిలిచి అడిగాడు. పోనీ చెప్తే వింటారా అంటే అదీ లేదు. ఏది కొనాలో ముందే అనుకొని వస్తారు. మనం అదే చెప్తే గొప్ప మెకానిక్కులం. ఇంకోటి చెప్తే "పాత కాలం మనిషి" అని లేచిపోతారు.

ఖమ్మంలో ఒక పెద్ద బైకుల వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. నేను బాగుచేసిన బండ్ల సంగతులు మొదలుపెడితే రెండో బండికే వాళ్ల చేతులు ఫోన్ల మీదికి పోతాయి. అందుకని నేను చెడగొట్టిన సంగతి ఒకటి రాస్తున్నాను. నా రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు జరిగింది. చదివి నన్ను తిట్టుకున్నా పర్వాలేదు గానీ, మధ్యలో ఆపి "ఇంతకీ ఆ రెండిట్లో ఏది మంచిది సార్" అని మాత్రం అడగొద్దు.

వాళ్లిద్దరూ బావా బావమరుదులు. బావది పెనుబల్లి పక్క, పామాయిల్ తోటల రైతు. నలభై దాటిన మనిషి. మా గేటు దగ్గరి వాచ్‌మన్‌ను కూడా "అండీ" అనే రకం. బావమరిది ఇల్లందులో బొగ్గు గని ఉద్యోగి. కార్మికులు గనిలోకి దిగే ముందు లోపల గ్యాస్ ఉందో లేదో చూసి సంతకం పెట్టడం అతని పని. ఆ పని వల్ల వచ్చిందో పుట్టుకతోనే వచ్చిందో గానీ, అతను దేన్నీ నమ్మడు. మా టీ కొట్టులో టీ తాగే ముందు గ్లాసును వెలుతురుకు పెట్టి చూసేవాడు.

బావది ఇటలీ బండి, ఎర్రది. బావమరిదిది జపాన్ బండి, నీలం. రెండూ సూపర్‌బైకులే. మన వంద సీసీ బండ్లు పదింటి ఇంజన్లు కలిపి ఒకదాంట్లో పెట్టారనుకోండి. నిజానికి ఇవి రేసు ట్రాక్ మీద తిరగడానికి పుట్టినవి. వీళ్లు ఒకదాన్ని పెనుబల్లి గేదెల మధ్య, ఇంకోదాన్ని ఇల్లందు బొగ్గు లారీల మధ్య నడిపి, ఆదివారం వచ్చేసరికి రెండిటినీ మా వర్క్‌షాపు ముందు నిలబెట్టి, ఏది గొప్పదో తేల్చమని నా ప్రాణం తీసేవారు.

"మూడు లెక్కవెట్టు కాకా. మూడు అనేలోపల నాది వంద దాటుతది," అనేవాడు బావమరిది.

"నీది ఎంత తొందరగా వెళ్తుందో చెప్తావు గానీ బామ్మర్దీ, ఎలా వెళ్తుందో చెప్పవు," అనేవాడు బావ.

"బలం సంగతి మాట్లాడు బావా. రెండు వందల గుర్రాలు నాది."

"ఇల్లందు రోడ్డు మీద ఒక్క గుర్రం గూడ తిన్నగ నడ్వదు. రెండు వందలు ఏం జేసుకుంటవయ్యా?" అనేవాణ్ణి నేను.

ఇద్దరూ నవ్వేవారు. నవ్వు అయిపోగానే ఫోన్లు తీసి, ఎవరో దేశం కాని దేశంలో ఈ రెండు బండ్లను పక్కపక్కన పెట్టి పోల్చిన వీడియోలు నా ముక్కు ముందు పెట్టేవారు. ఆ వీడియోలో ఉన్నవాడికి సత్తుపల్లి రోడ్డు తెలుసా, మన పెట్రోలు తెలుసా, మన మే నెల తెలుసా అని నేను అరిచేవాణ్ణి. అరిచినందుకు టీ తెప్పించేవారు. నా ఆదివారాలన్నీ ఇట్లాగే తగలబడ్డాయి.

నా అభిప్రాయం నాకు ఉండేది. జపాన్ బండి కుట్టుమిషన్ లాంటిది. పొద్దున్నే మీట నొక్కితే మొదటిసారికే లేస్తుంది. సామాను హైదరాబాద్ నుంచి నాలుగు రోజుల్లో వస్తుంది. ఒక్క వంక పెట్టడానికి లేని అల్లుడి లాంటిది. ఇంట్లో దాని గురించి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఇటలీ బండి అట్లా కాదు. ఎండాకాలంలో వైరా రోడ్డు సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే సీటు పెనమయ్యేది. బావ తడి తువ్వాలు మడత పెట్టి దాని మీద కూర్చునేవాడు. క్లచ్ లివర్ ఒకటి విరిగితే కొత్తది రావడానికి యాభై రోజులు పట్టింది. ఆ యాభై రోజులూ పొద్దున్నే ఫోన్ చేసి "వచ్చిందాండీ?" అని మర్యాదగా అడిగేవాడు. తిట్టినా బాగుండేది. లారీలు తవ్విపోసిన గుంతలో పడి వెనక చక్రం రిమ్ వంగినప్పుడైతే బండి మూడు నెలలు మా షెడ్డులోనే ఉంది.

కానీ ఆ ఎర్ర బండిని రిపేరు తర్వాత ట్రయల్‌కు తీసుకుపోయినప్పుడల్లా నేను అవసరం లేకపోయినా ఇంకో రెండు మలుపులు తిరిగి వచ్చేవాణ్ణి. మనం ఎటు చూస్తే అటు పోయేది అది. ఇంట్లో పెట్టుకొని బతకడానికి జపాన్ బండి, ట్రాక్ మీద తిప్పడానికి ఇటలీ బండి. ఈ ఒక్క వాక్యం అప్పుడే చెప్పేసి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. అడగొద్దని మిమ్మల్ని కసిరి, నేనే చెప్పేశాను చూడండి.

తునికాకు ఏరే రోజుల్లో ఒక ఆదివారం ఇద్దరూ పాల్వంచ నుంచి భద్రాచలం వైపు పందెం వేసుకొని బయల్దేరారు. అడవిలో ఒక మలుపు తిరిగేసరికి ఆకు కట్టలు ఎక్కించుకున్న ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా ఉంది. బావ ట్రాక్టరుకూ పక్కన చెట్టుకూ మధ్య ఉన్న సందులోంచి ఎట్లా బయటపడ్డాడో ఆయనకే తెలియదు. బావమరిది పొదల్లోకి పోయాడు. ఇద్దరికీ గీత కూడా పడలేదు. అయితే ట్రాక్టరు మీదున్న కూలీ ఒకాయన అదంతా ఫోన్లో తీశాడు. సాయంత్రానికి ఆ వీడియో ఇల్లందూ చేరింది, పెనుబల్లీ చేరింది.

మర్నాడు బావ భార్య మా వర్క్‌షాపుకు వచ్చింది. ఆమె బావమరిదికి సొంత అక్క. ఇల్లందులో పుట్టి పెనుబల్లి కోడలైంది, అక్కడి బడిలో టీచరు. ఇద్దర్నీ వెంటబెట్టుకొచ్చి, హోంవర్కు చేయని పిల్లల్లాగా నా టేబుల్ ముందు నిలబెట్టింది.

"కాకా, ఒకడు నా మొగడు, ఒకడు నా తమ్ముడు. ఎవడు సచ్చినా ఏడ్చేది నేనే గదా. ఇగ నాతోని గాదు. మా ఇండ్లల్ల ఒక్క బండే ఉండాలె. ఒకటి పోవాలె."

"ఏది పోవాల్నమ్మా?"

"గది నువ్వే జెప్పాలె. నీ మాటైతే ఇద్దరింటరు. గా మద్రాసు దిక్కు రేసు ట్రాకేందో ఉందంట గదా, ఒక్కసారి ఆడికి పొయ్యి తోలుండ్రి. ఏది ఉంచాల్నో కాక చెప్తడు. ఉన్నదాన్ని ఇద్దరు వంతులేసుకోని ఆ ట్రాక్ మీదనే తోలుకోండ్రి. రోడ్డు మీద కనవడితే నేనే అగ్గిపుల్ల గీస్త."

ఇద్దరూ తలలూపారు. నేనూ ఊపాను. ముప్పై నాలుగేళ్లలో నేను రేసు ట్రాక్ అనేదాన్ని కంటితో చూడలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఫోర్‌మన్ అన్నాక అన్నీ తెలిసే ఉంటాయని వాళ్లనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను.

వాళ్లు గేటు దాకా పోయాక బావ ఒక్కడే వెనక్కి వచ్చాడు.

"ఫోర్‌మన్ గారూ, ఒక మాటండి. మా బడిలో ఆటల పోటీలు పెడితే నేనెప్పుడూ అందరి చొక్కాలూ పట్టుకొని గట్టు మీద కూర్చునేవాణ్ణి. నాకు చేతకాదని వాళ్లూ అనేవాళ్లు, నేనూ అనుకునేవాణ్ణి. ఈ బండెక్కాకే నాకూ ఒకటి వచ్చు అనిపించిందండి. బండి పోతే పోనివ్వండి. ట్రాక్ మీద మా బామ్మర్ది ముందు సరిగ్గా నడిపాననిపించుకుంటే చాలు నాకు."

నలభై దాటిన మనిషి, పది మందికి పని ఇచ్చే రైతు, చిన్నపిల్లాడిలా ఆ మాట అన్నాడు. ఆయనంటే నాకు మొదట్నుంచీ ఇష్టమే. ఆ రోజు నుంచి ఇంకా ఎక్కువైంది. నా కొంప ముంచింది ఆ ఇష్టమే.

బండ్లను సిద్ధం చేయడం మొదలైంది. ఈ కొత్త బండ్లకు పానాల కంటే ల్యాప్‌టాప్ అవసరం ఎక్కువ. ఆ పని చూడటానికి మా దగ్గర ఒక ఇంజనీరమ్మాయి ఉండేది. ట్రాక్ వాళ్లు పంపిన సూచనల కాగితం ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది.

"సార్, టైర్లల్ల గాలి బాగ తగ్గించుమన్నరు. ముప్పై పౌండ్ల దగ్గర వెట్టమన్నరు. ట్రాక్ మీద టైరు వేడెక్కి లోపలి గాలి పెరుగుతదంట. పెరిగితే పట్టు పోతదంట. జర జూడుండ్రి."

"నువ్వు పుట్టకముందు నుంచి గాలి కొడుతున్ననమ్మా."

"అవ్ సార్. అయినా జూడుండ్రి," అని పోయింది. నేను ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గరికొచ్చే బండ్లు ఎక్కడివి? బొగ్గు లారీలు నలగ్గొట్టిన రోడ్లవి, భద్రాచలం అవతలి అడవి ఊళ్ల రాళ్ల బాటలవి. గాలి కంపెనీ చెప్పినంతే ఉంటే గుంతలో రిమ్ వంగుతుంది, రాయి తగిలి ట్యూబు తెగుతుంది, అడవి మధ్యలో మనిషి ఏడు మైళ్లు బండి తోసుకుంటూ నడవాలి. అందుకని కంపెనీ రాసినదానికంటే రెండు పౌండ్లు ఎక్కువ కొడతాం. నాకు పని నేర్పిన పెద్దాయన అట్లా నేర్పాడు, నేను నా తర్వాత వాళ్లకు నేర్పాను. బాగా కావాల్సిన మనిషైతే కొట్టాక ఇంకోసారి పట్టి మరీ చూస్తాం. ఇక్కడ మెకానిక్కు ప్రేమ చూపించే విధానం అదే.

బావమరిది తన బండి పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ప్రతి బోల్టుకూ, ఇది చూసినవా, అది చూసినవా అని చంపాడు. గాలి దగ్గరికొచ్చేసరికి నా జేబులోంచి ఆ కాగితం తనే లాగి చదివాడు.

"కాకా, నా బండికి ఇండ్ల ఎంతుంటే గంతే వెట్టు. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

"నీ కర్మ," అని, ఒళ్లు మండి, సరిగ్గా ముప్పై పెట్టాను.

బావ మాత్రం తాళంచెవి నాకిచ్చి తోటకు పోయాడు. "మీరు చూస్తే చాలండి," అన్నాడు. ఆయన బండిని నేను ఒక్కణ్ణే కూర్చొని ప్రేమగా చేశాను. చెయిను తుడిచాను, బ్రేకులు విప్పి బిగించాను. చివరికి గాలి. ఈ బండి రిమ్ ఒకసారి వంగి మూడు నెలలు ఏడిపించింది కదా, మళ్లీ వంగితే ఎట్లా? వెనక టైరుకు రోడ్డు మీద నలభై రెండు చాలంటుంది కంపెనీ. నలభై నాలుగు కొట్టాను. అలవాటు కొద్దీ, బండికి చేసిన పనులు రాసే జాబ్ కార్డు మీద ఆ అంకె రాసి సంతకం కూడా పెట్టాను.

ట్రాక్ మీద గుంతలు ఉండవని నాకు తెలియదా? తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి కూడా. చేతికి తెలియలేదు, అంతే. ఇప్పటికీ ఆ సంగతి తల్చుకుంటే నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నమ్మనివాడి బండి సరిగ్గా చేశాను, నమ్మినవాడి బండి చెడగొట్టాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు పెద్దలు.

రెండు బండ్లనూ డీసీఎం వ్యానులో ఎక్కించుకొని, మేం ముగ్గురం కారులో వెనకాల పోయాం. ట్రాక్ చూసి నేను నోరు తెరిచాను. గేదె లేదు, గుంత లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు. నల్లటి రోడ్డు పరుపు పరిచినట్టు మెలికలు తిరిగి ఉంది. లోపలికి వదిలే ముందు అక్కడి మనిషి ఒకాయన బండ్ల అద్దాలు తీయించి, లైట్లకు టేపు అంటించి, గాలి చూశారా అని అడిగాడు. "చూశాం," అన్నాను నేను. ఇద్దరి తరఫునా నేనే చెప్పాను.

బావమరిది ఊరుకుంటాడా? "బావా, నువ్వు నీ కండ్లతోని జూసుకున్నవా?" అన్నాడు.

"ఫోర్‌మన్ గారు చూశాక మళ్లీ నేనెందుకయ్యా చూడటం? ఆయన్ని అవమానించినట్టు కాదూ?" అన్నాడు బావ. నేను మీసం మెలేశాను.

మొదటి విడత ఇద్దరూ భయం భయంగా తిరిగారు. రెండో విడతలో బావ బాగా పుంజుకున్నాడు. తోలు సూటు వేసుకొని, మలుపుల్లో మోకాలు బయటపెట్టి ఆయన వంగుతుంటే, పెనుబల్లి రైతు ఎక్కడికి పోయాడో అనిపించింది. లోపలికొచ్చి హెల్మెట్ తీశాక ముఖం వెలిగిపోతోంది. నీళ్లు తాగి నా దగ్గరికొచ్చాడు.

"ఫోర్‌మన్ గారూ, మలుపు దాటి ఆక్సిలేటర్ ఇస్తుంటే వెనక కొంచెం జారుతున్నట్టుందండి. నాదేనంటారా తప్పు?"

ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను చేయాల్సిన పని టైరు మీద చెయ్యి వేసి చూడటం. అందుకు అర నిమిషం చాలు. వేయలేదు. ఎండ, ఆకలి, పొద్దుట్నుంచీ బావమరిది ప్రశ్నలు. అన్నిటికీ మించి, ఫోర్‌మన్‌కు తెలియంది ఉండదు కదా.

"టైరు ఇంక వేడెక్కలే సార్. భయపడుకుంట తోలితే గట్లనే ఉంటది. ఇంకా గట్టిగ ఇయ్యుండ్రి," అన్నాను.

మూడో విడతలో ఆయన గట్టిగానే ఇచ్చాడు. ట్రాక్‌లో మూడో మలుపు మేం కూర్చున్న చోటికి బాగా కనిపిస్తుంది. బండి చక్కగా వంగింది, మలుపు సగం దాటింది, అప్పుడు వెనక చక్రం ఒక్కసారిగా పక్కకు పోయింది. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు గడ్డిలోకి జారిపోయారు. దుమ్ము లేచింది. ఎర్ర జెండాలు ఊపారు. వెనకే వస్తున్న బావమరిది తన నీలం బండిని అక్కడే పడేసి, ఆ బరువు బూట్లతో "బావా, బావా" అని అరుచుకుంటూ పరిగెత్తాడు. వీళ్లిద్దరికీ పోటీ తప్ప ప్రేమ లేదనుకున్న నా లెక్క అక్కడే తప్పింది.

భుజం దగ్గరి కాలర్ ఎముక విరిగింది. ప్రాణానికి ముప్పు లేదు. అక్కడి డాక్టరు కట్టు కడుతుంటే ఆయన అన్న మొదటి మాట, "బండిది తప్పు కాదండి. నాకే చేతకాలేదు." ఆ మాట అని గోడ వైపు తిరిగాడు.

నేను బండి తీసుకురావడానికి పోయాను. దాన్ని నిలబెట్టి వెనక టైరును బొటనవేలితో నొక్కాను. రాయిలా ఉంది. చల్లగా ఉన్నప్పుడే నలభై నాలుగు కొట్టాను, వేడెక్కి ఎంతకు పోయిందో. ముందు టైరు పట్టు దొరికి గరుకుగా అరిగితే, వెనకది నడిమధ్యలో మాత్రమే అరిగి నున్నగా మెరుస్తోంది. ఎందుకు జారిందో ఈ పనిలో ఒక నెల చేసినవాడికైనా అర్థమవుతుంది. నాకు అక్కడే, ఆ గడ్డిలోనే అర్థమైంది.

అప్పుడు నేను చేసిన పని ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, దాని కొనతో వాల్వు నొక్కి పట్టుకున్నాను. గాలి బుస్సుమని చాలాసేపు పోయింది. చెయ్యి పెట్టి చూస్తే మెత్తగా అయ్యేదాకా నొక్కాను. తర్వాత బండి తోసుకుంటూ వచ్చి డీసీఎం ఎక్కించాను.

తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటాక బావే అడిగాడు. "చెప్పండి ఫోర్‌మన్ గారూ. మా ఆవిడకు మాటిచ్చాం కదా. ఏది ఉంచమంటారు?"

బావమరిది కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఇప్పుడెందుకు బావా. ఇడ్సిపెట్టు," అన్నాడు.

"జపాన్ బండి," అన్నాను నేను.

"నేనూ అదే అనుకున్నానండి," అన్నాడు బావ.

మొదటి రెండు రోజులూ, ఆయన నొప్పితో ఉన్నాడు, ఇప్పుడెందుకులే అనుకున్నాను. తర్వాత, కట్టు మార్చాక చెప్పొచ్చు అనుకున్నాను. ఆ తర్వాత, ఎట్లాగూ ఒక బండి పోవాల్సిందే కదా, ఏది పోతే ఏముంది అనుకున్నాను. వాళ్లావిడకు కావాల్సింది కూడా అదే కదా అనుకున్నాను. తప్పు చేసినవాడికి కారణాలు ఎక్కడ లేనివి దొరుకుతాయి. మా వర్క్‌షాపు యజమాని మాత్రం నా రిటైర్మెంటు సభకు ఫ్లెక్సీ వేయిస్తానంటున్నాడు. దాని మీద "ముప్పై నాలుగేళ్లు, ఒక్క కంప్లయింటు లేదు" అని రాయిస్తాడట.

పదో రోజు ఇంజనీరమ్మాయి ఎర్ర బండి జాబ్ కార్డు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. నలభై నాలుగు మీద వేలు పెట్టింది.

"మీరు చెప్తరా సార్, నన్ను చెప్పుమంటరా?"

"రిటైరైనంక నేనే చెప్తనమ్మా. నాలుగు నెలలే గదా."

"మీకు నాలుగు నెలలే సార్. ఆయన నాకు బండి రాదు అనుకోని కూసున్నడు. మొన్న ఫోన్ చేస్తే, ఇక ముందు మా బండ్లు చూడక్కర్లేదమ్మా అన్నడు. ఆయన స్కూటర్ గూడ ఎక్కుతలేడంట."

పిల్లలూ, మీ కంటే చిన్నవాళ్లు మిమ్మల్ని అట్లా నిలదీసే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు కోపం తెచ్చుకోవద్దు. నేను తెచ్చుకున్నాను, నీ పని నువ్వు చూసుకో అని కసిరాను. ఆమె జాబ్ కార్డు అక్కడే వదిలేసి పోయింది.

మర్నాడు ఆదివారం. సత్తుపల్లి బస్సెక్కి పెనుబల్లిలో దిగాను. వాళ్లింటి వరండాలో ఆయన చెయ్యి మెడకు కట్టుకొని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. పక్కన షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎరువు బస్తాలు, మందు కొట్టే పంపు కనబడుతున్నాయి. బండి కనబడలేదు.

"మొన్ననే రాజమండ్రి వాళ్లొచ్చి తీసుకెళ్లారండి. మంచివాళ్లే. జాగ్రత్తగా చూసుకుంటామన్నారు," అన్నాడు.

మొన్న అంటే తొమ్మిదో రోజు. నేను కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాను. జేబులో పెట్టుకున్న కాగితం, నలభై నాలుగు, ఇంకా గట్టిగా ఇవ్వండన్న మాట, గడ్డిలో తాళంచెవి కొనతో వదిలేసిన గాలి, ఒక్కటి దాచకుండా చెప్పాను. ఆయన భార్య లోపల్నుంచి తడిచేతులతో గడప దాకా వచ్చి విన్నది. చెప్పడం అయిపోయాక ఆయన తిడతాడని తల వంచుకున్నాను.

"అంటే... ఆ మూడో మలుపులో నేను వంచింది సరిపోయిందంటారా?" అన్నాడు ఆయన.

"సరిపోయింది సార్."

"గేరు ముందే తగ్గించానండి. అది?"

"సరిగ్గనే తగ్గించిన్రు. నేను జూసిన."

"చూపు కూడా మలుపు అవతలే పెట్టాను."

"మీరు అన్ని సరిగ్గనే జేసిన్రు. తప్పు గాలిది. నాది."

ఆయన లేచి నిలబడ్డాడు. ముఖం ఆ రోజు రెండో విడత అయిపోయి హెల్మెట్ తీసినప్పటిలా అయింది. "ఏమోయ్, విన్నావా? నాకు చేతకాక కాదంట! ఫోర్‌మన్ గారే చెప్తున్నారు!" అని, ఎడమ చేత్తో ఫోను తీసి బావమరిదికి చేశాడు. మాట్లాడుతూ మెట్లు దిగి, సంతోషం వస్తే ఎటు నడవడం అలవాటో అటే నడిచి, షెడ్డు ముందుకు పోయి ఆగాడు.

ఆమె మాత్రం గడప దగ్గరే ఉంది.

"రాత్రింబవళ్లు తన చెయ్యి తనే చూసుకుంట కూసున్నడు కాకా. నాకు చేతగాదు, నాకు చేతగాదు, గిదే మాట. మొన్న బండి అప్పజెప్పేటప్పుడు గూడ గదే మాటని దండం వెట్టి పంపిండు. నీకేమో గా గడ్డిలనే ఎరుకైందంటివి." ఆమె గొంతు పెంచలేదు. పిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. "మరి గీ పదకొండు దినాలు ఏడ వెట్టుకున్నవ్ గీ మాట?"

అవతల ఖాళీ షెడ్డు ముందు నిలబడి ఆయన ఫోన్లో రెండోసారి చెప్తున్నాడు, మూడో మలుపులో తను వంచింది సరిగ్గానే ఉందంట అని.